రెండో వయొలిన్ ఆగే చోటు

ఫిబ్రవరి 3

మళ్ళీ రోడ్డెక్కాం. ఆయన పోయాక ఇదే మొదటి టూరు. నెలాఖరుదాకా ఊరూరా కచేరీలు. "నీకు చేతనవుతుందా?" అని అన్నయ్య అడిగాడు. అవుతుందన్నాను. అబద్ధమేం కాదు. నా చేతులకేం కాలేదు.

రైల్లో ఎప్పటిలాగే మాస్టారి సెల్లోకి, ఆ నిలువెత్తు వయొలిన్‌కి, ఒక సీటు కొన్నారు. మాస్టారు దాన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి, తను ఇరుక్కుని ఇవతల కూర్చున్నారు. టికెట్లు చూసే ఆయన వచ్చి "ఈ సీటెవరిదండీ?" అన్నాడు. "వారిదే. కాస్త లావు, మాట్లాడరు, అంతే" అన్నారు మాస్టారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాననే అనుకుంటాను.

ఆయన బదులు రెండో వయొలిన్ వాయించడానికి వచ్చిన కొత్తమ్మాయి నాకు ఎదురుగా కూర్చుంది. ఆయనైతే నా పక్కన కూర్చునేవారు. కాబట్టి ఎదురు సీటు గురించి నేను అనడానికేం లేదు.

ఫిబ్రవరి 4

హోటల్ గదిలో మంచం మీద రెండు దిండ్లు. ఒకటి తీసి అల్మరాలో పెట్టాను.

ఫిబ్రవరి 5

పొద్దున హాల్లో రిహార్సల్. కుర్చీలింకా వెయ్యలేదు. వాయించింది గోడలకు కొట్టుకుని మళ్ళీ మా మీదికే వస్తోంది.

మా నలుగురికి వచ్చిన విద్యలు ఒక చోట చేరిస్తే చిన్న సంత అవుతుంది. అన్నయ్య మొదటి వయొలిన్. దానితోపాటు రైళ్ళ వేళలన్నీ నోటికి చెబుతాడు, నిలబడి నిద్రపోతాడు, ఈలతో ఏ పాటనైనా తలకిందులుగా వాయిస్తాడు. మాస్టారు కాలేజీలో లెక్కలు చెప్పడం మానేసి సెల్లో పట్టుకున్నారు. హోటల్ కెటిల్లో గుడ్లు ఉడకబెడతారు, అందరి చొక్కాలూ ఇస్త్రీ చేస్తారు, విరిగిన స్టాండ్లకు కాళ్ళు అతికిస్తారు. నేను వయోలా, అంటే వయొలిన్ కంటే కాస్త పెద్దది. యూనివర్సిటీలో తత్వశాస్త్రం చదివినందుకు నాకు మిగిలింది అనుమానం ఒక్కటే, దాన్ని కూడా విద్య అనుకుంటే.

ఆయనకు అందరి గొంతులూ వచ్చు. నిర్వాహకుల గొంతుతో పక్క గదిలోంచి ఫోను చేసి, "మీ కచేరీ రద్దయిందండీ, హాల్లో పెళ్ళి ఉంది" అని అన్నయ్యను హడలగొట్టేవారు. ఆ విద్య ఇప్పుడు మా దగ్గర లేదు. కొత్తమ్మాయి మూడు నారింజ పండ్లు గాల్లో ఆడిస్తుంది, రెండు చేతులా రాస్తుంది. "ఇంకా ఏం వచ్చమ్మా?" అని మాస్టారు అడిగితే, "ఊరుకోవడం ఒక్కటే రాదు సార్" అంది.

ఇవాళ గుమ్మం దగ్గర చెడింది.

గుమ్మం మా నలుగురి మాట. మేం వాయించే కృతిలో మూడో భాగం, నెమ్మదిగా నడిచేది. అందులో ఒక చోట నలుగురమూ ఆగిపోతాం. అన్నయ్య ముక్కుతో ఒక ఊపిరి పీలుస్తాడు. ఆ ఊపిరి మీద రెండో వయొలిన్, వయోలా, ఇద్దరే, మిగతా ఇద్దరినీ బయట వదిలేసి కలిసి లోపలికి వెళ్ళాలి. అందుకే గుమ్మం. సెల్లో అరిచే చోటు గేదె. అలా పేర్లు.

గుమ్మం దగ్గర ఆయన ఎప్పుడూ వెంట్రుకవాసి ఆలస్యం. ఊపిరి అయిపోయేది, ఒక్క క్షణం ఏమీ ఉండేది కాదు, అప్పుడు మొదలుపెట్టేవారు. నేను ఆయన కమాను మీదే కళ్ళు పెట్టుకుని, అది కదలగానే కదిలేదాన్ని. మాస్టారు ఆయనకు నిదానం గారని పేరు పెట్టింది అందుకే. అన్నయ్య తిట్టేవాడు, అన్నయ్య తిట్టడం అయ్యాక నేను తిట్టేదాన్ని. "సారీ, నాదే" అనేవారు ఆయన. మర్నాడు మళ్ళీ అంతే. చివరికి పత్రికల వాళ్ళు ఆ క్షణాన్ని మెచ్చుకుంటూ రాయడం మొదలుపెట్టారు. మేం తిట్టడం మానేశాం.

కొత్తమ్మాయి ఇవాళ సరిగ్గా ఊపిరి మీద వచ్చింది, స్వరాలు రాసిన కాగితంలో ఉన్నట్టే. నేను ఆ తర్వాత వచ్చాను. ఇద్దరం గుమ్మంలో ఢీకొన్నట్టుంది.

"అక్కడ కాస్త ఆగాలమ్మాయ్" అన్నాడు అన్నయ్య.

"ఎంత సార్?"

అన్నయ్య మాస్టారి వైపు చూశాడు. మాస్టారు సెల్లో వైపు చూసుకున్నారు.

"దానికి లెక్క లేదమ్మా."

"లెక్కల మాస్టారే అలా అంటే నేనెవర్ని అడగను?"

"ఆయన ఆగినంత" అన్నాను నేను.

అన్నయ్య కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు. మామూలుగానే చెప్పాను మరి.

ఫిబ్రవరి 8

రెండో కచేరీ. గుమ్మం దగ్గర కొత్తమ్మాయి మరీ ఎక్కువ ఆగింది. నేను ముందు పడ్డాను. చప్పట్లు బాగానే కొట్టారు.

ఫిబ్రవరి 9

అన్నయ్య ప్లాట్‌ఫాం మీద నన్ను పక్కకు పిలిచాడు. కొత్తమ్మాయికి ఎక్కడో పెద్ద ఆర్కెస్ట్రాలో ఉద్యోగం వచ్చిందట. నెలాఖరుకల్లా వాళ్ళకు జవాబివ్వాలి. మేం ఉండమంటే దాన్ని వదులుకుంటానంది.

"నాకు ఇష్టమే. మాస్టారికీ ఇష్టమే. నీ మాటే మిగిలింది."

మా పద్ధతి అంతే మొదట్నుంచీ. ముగ్గురూ ఊఁ అనకపోతే నాలుగో మనిషి రారు.

"నేను కాదంటే?"

"కాదంటే మానేద్దాం. ఇంకొకళ్ళని వెతికే ఓపిక నాకు లేదే. చెక్కపెట్టెలన్నీ మూసి ఎవరింటికి వాళ్ళం పోదాం."

కోపంగా అనలేదు. రైలు ఎంత ఆలస్యమో చెప్పినట్టు చెప్పాడు. ఆలోచించి చెబుతానన్నాను. ఆలోచించడానికి కూర్చుంటే ఏమీ రాలేదు. ఎదుటి ప్లాట్‌ఫాం మీద ఒకావిడ అరటిపండు తొక్క తీస్తుంటే చివరిదాకా చూశాను.

ఫిబ్రవరి 11

అత్తయ్య ఫోను చేసింది.

"తింటున్నావా?"

"తింటున్నాను అత్తయ్యా."

"ఏం తిన్నావు?"

గుర్తు రాలేదు. గుడ్డు అన్నాను. మాస్టారి పుణ్యమా అని అది ఎప్పుడూ నిజమే అవుతుంది.

"వాడి జాగాలో ఎవరో పిల్ల వచ్చిందటగా. చురుకైందేనా? వాడిలా నిదానం కాదు కదా? చిన్నప్పుడు బడికి పంపడానికి నా ప్రాణం తీసేవాడు."

"చురుకైందే" అన్నాను.

"పోనీలే" అంది. చాలాసేపు ఇద్దరం ఫోను పెట్టెయ్యలేదు.

ఫిబ్రవరి 12

వర్షం. బాగానే ఉన్నాను.

ఫిబ్రవరి 14

రిహార్సల్లో గొడవ. గొడవ అనకూడదేమో.

అన్నయ్య "గేదె తర్వాత కాస్త మొరటుగా, అంత నున్నగా వద్దు" అన్నాడు. మాస్టారు "ఆ పైన తీగ కాకుండా కింది తీగ మీద వాయిస్తే బరువొస్తుందమ్మా" అన్నారు. నేను "ఆఖర్లో కమాను ఎత్తొద్దు, అక్కడే ఉంచు" అన్నాను. అన్నీ ఆయన పద్ధతులే. ఎవరికి వాళ్ళం సంగీతం గురించే మాట్లాడుతున్నామనుకున్నాం.

కొత్తమ్మాయి అన్నిటికీ తలూపింది. తర్వాత వయొలిన్ ఒళ్ళో పెట్టుకుని, "సార్, ఆయన కోటు కూడా ఉందా? నా సైజుకి కుట్టించుకుంటాను" అంది.

మాస్టారు దగ్గారు. అన్నయ్య మొహం ఎర్రబడింది.

ఆ పిల్ల నా వైపు తిరిగింది. "మేడమ్, తప్పుగా అన్నాను. నోరు జారింది."

"కోటు ఇచ్చేశాం" అన్నాను.

నిజంగా ఇచ్చేశాం. ఎవరికో గుర్తు లేదు. రాత్రి అన్నయ్య చాలాసేపు ఈల వెయ్యకుండా ఉన్నాడు.

ఫిబ్రవరి 16

గుమ్మం కుదిరింది.

ఫిబ్రవరి 17

మళ్ళీ కుదిరింది. అదే ఆలస్యం, అదే ఖాళీ, తర్వాత ఇద్దరం ఒక్కసారే. కమాను ఎవరిదో తెలియనంతగా. ఆ పిల్లకు పట్టు దొరికింది, ఆయనలాగే ఆగుతోంది అనుకున్నాను. నేను సంతోషించాలి. సంతోషం వస్తే ఎలా ఉంటుందో తెలుసు కాబట్టి, రాలేదని చెప్పగలను.

ఫిబ్రవరి 19

పొద్దున హోటల్ కింద రొట్టె తింటుంటే కొత్తమ్మాయి వచ్చి ఎదురుగా కూర్చుంది. అన్నయ్యా మాస్టారూ ఇంకా దిగలేదు.

"మేడమ్, ఒకటి అడగనా? కోప్పడకూడదు."

"కోప్పడే ఓపిక లేదు. అడుగు."

"ఆయన ఎంత ఆగేవారో పట్టుకుందామని మీ పాత వీడియోలన్నీ చూశాను. ఒక చోట తక్కువ, ఒక చోట ఎక్కువ. ఏ లెక్కకీ రాలేదు. విసుగొచ్చి చప్పుడు తీసేసి చూశాను."

ఫోను నా ముందు పెట్టింది. చప్పుడు లేదు. నలుగురం ఉన్నాం. ఆయన నీలం చొక్కాలో ఉన్నారు. ఆ చొక్కాకి మెడ దగ్గర గుండీ వేరే రంగుది, నేను కుట్టిందే. నేను ముందు అదే చూశాను.

"ఇదిగో, సార్ ఊపిరి తీసుకున్నారు. చూడండి, ఆయన కమాను అప్పటికే తీగ మీద ఉంది. సిద్ధంగానే ఉన్నారు. ఎక్కడ చూస్తున్నారో చూడండి."

"నా కమాను వైపు. నేను ఆయనది చూస్తాను, ఆయన నాది..."

"కమాను కాదు, మీ కుడి భుజం. వాయించే ముందు అది కాస్త లేస్తుంది. అది లేచాకే ఆయన కదులుతారు." తను వీడియో ఆపింది. "మీరు ఆయన్ని చూడట్లేదు మేడమ్. మీరక్కడ కళ్ళు మూసుకుంటారు."

"మూసుకోను."

రెండు వేళ్ళతో తెర మీద నా మొహం పెద్దది చేసింది.

మూసుకునే ఉన్నాను.

"ఇంకోటి పెట్టు" అన్నాను. అందులో జుట్టు పొట్టిగా ఉంది, మొహం లేతగా ఉంది, కళ్ళు మూసుకునే ఉన్నాను. ఇంకోదాంట్లోనూ. అన్నిట్లోనూ ఆయన అలాగే, కమాను తీగ మీద పెట్టి, కదలకుండా, నా భుజం వైపు.

"నేనూ నాలుగు రోజుల్నుంచి మీ భుజమే చూస్తున్నా. అందుకే కుదురుతోంది" అంది. "ముందే చెబుదామనుకున్నా. ఎలా చెప్పాలో తెలియలేదు. ఊరుకోవడం కూడా వస్తుందని అప్పుడే తెలిసింది నాకు."

"నీ రొట్టె చల్లారిపోతోంది" అన్నాను.

ఫిబ్రవరి 19, మధ్యాహ్నం

కళ్ళు మూసుకున్న మనిషి ఎదుటివాళ్ళ కమాను ఎలా చూస్తుంది? చూడదు. మరి నేను చూసిన ఆ కమాను ఏది? కదలడం స్పష్టంగా గుర్తుంది నాకు. వెలుతురు దాని మీద పడటం కూడా గుర్తుంది.

ఆ పిల్ల పొరబడి ఉండొచ్చు. వీడియోల్లో బొమ్మా చప్పుడూ ఒకటి ముందు, ఒకటి వెనక పడుతుంటాయి.

చప్పుడు తీసేసి చూశానంది కదా.

ఫిబ్రవరి 20

రైలు కోసం నిలబడి ఉండగా, మాస్టారు పక్కనే ఉండగా, అన్నయ్యకు చెప్పాను. ఎవరో తెలిసినవాళ్ళ సంగతి చెబుతున్నట్టు చెప్పాను.

అన్నయ్య పట్టాల వైపు తిరిగాడు. "ఊపిరి తీసుకునేటప్పుడు నేను నా కాగితమే చూస్తానే. తర్వాత మీ ఇద్దరూ కలిసే వచ్చేవాళ్ళు, కాకపోతే ఆలస్యంగా. బావే అనుకున్నా. బావ కూడా నాదే అనేవాడుగా." సంచీ చెయ్యి మార్చుకుని, "ఎన్ని తిట్లు తిట్టానే వాణ్ణి" అన్నాడు.

"మాస్టారూ, మీరైనా చూసుండాలి కదా" అన్నాను.

"అక్కడ నాకు పనుండదు కదమ్మా. నేను జనాన్ని చూస్తుంటాను. ఎవరు నిద్రపోతున్నారో లెక్కపెడతాను" అన్నారు మాస్టారు. అని, ఎందుకన్నానా అన్నట్టు మొహం పెట్టి సెల్లో పెట్టెకు ఉన్న బకిల్ ఒకటి విప్పి మళ్ళీ పెట్టారు.

ముగ్గురం ముగ్గురే. ఒకడు కాగితం, ఒకరు జనం, ఒకతి కళ్ళు మూత. చూసింది ఆయనొక్కరే.

మరి ఆయనకు తెలుసా? తెలిసే "నాదే" అన్నారా, లేక నిజంగానే తనదే అనుకున్నారా? ఇంట్లో ఎన్నోసార్లు అడిగాను, "ఒక్క ఊపిరి అందుకోలేరా మీరు?" అని. నవ్వేవారు. ఆ నవ్వులో ఏమైనా ఉందా అని ఇప్పుడు వెతుకుతుంటే, నవ్వే సరిగ్గా గుర్తు రావడం లేదు. ఆ వేరే రంగు గుండీ గుర్తొస్తోంది.

ఫిబ్రవరి 21

కచేరీ. భుజం లేవకూడదని పట్టుబట్టి కూర్చున్నాను. లేచింది.

ఫిబ్రవరి 22

వద్దంటాను.

స్వరం పొడిగా ఉందని చెబుతాను. మంచి పిల్లే కానీ మనతో కలవదని చెబుతాను. అన్నయ్య వాదించడు. తను ఆర్కెస్ట్రాకి వెళ్ళిపోతుంది, అక్కడ జీతం ఉంటుంది, పడుకోవడానికి రోజూ ఒకటే మంచం ఉంటుంది. తనకూ మంచిదే.

ఇది నా కోసం కాదు. ఆయన గురించి నలుగురికీ తెలిసింది ఆ ఆలస్యం ఒక్కటే. పత్రికలు రాసింది దాని గురించే, మాస్టారు పేరు పెట్టిందీ దానికే. అది నాదని తేలితే ఆయనకేం మిగులుతుంది? మేం విడిపోతే గుమ్మం దగ్గర ఇక ఎవరూ వాయించరు. ఆయనది ఆయనకు ఉండిపోతుంది.

పై నాలుగు మాటలు మళ్ళీ చదివాను. "ఇది నా కోసం కాదు" అన్న చోట నా చెయ్యి అక్షరాలను గట్టిగా నొక్కింది.

ఫిబ్రవరి 23

మాస్టారు గది తలుపు కొట్టి గుడ్డు ఇచ్చారు. "చెప్పావా అమ్మా?"

"లేదు."

"తొందరేం లేదులే. తొందరుంది గానీ, లేదనుకో."

కొత్తమ్మాయి నన్ను అడగలేదు. రోజూ కనిపిస్తుంది, నారింజలు ఆడిస్తుంది, భుజం చూస్తుంది. ఒక్కసారీ అడగలేదు. అదీ నాకు కోపంగానే ఉంది. కోపం అని రాశాను. అవును, అలాంటిదే ఏదో.

ఫిబ్రవరి 24

గదిలో ఒక్కదాన్నే గుమ్మం వాయించి చూశాను, అద్దం ముందు, కళ్ళు తెరిచి. మూడుసార్లూ మూతపడ్డాయి. రెప్పలు కూడా వాయిద్యంలో భాగమేమో నాకు.

ఫిబ్రవరి 26

ఆఖరి కచేరీ అయింది. జరిగింది జరిగినట్టు రాయాలి.

సాయంత్రం బయల్దేరే ముందు అన్నయ్య "రేపు పొద్దున ఆ అమ్మాయికి నేను జవాబు చెప్పాలి" అన్నాడు. "కచేరీ అయ్యాక చెబుతాను" అన్నాను. వద్దని చెప్పడానికే సిద్ధపడ్డాను. వద్దనే ముందు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ చోట ఊపిరి మీదే సరిగ్గా వెళ్ళాలి, ఎవరూ నా కోసం ఆగే పని లేకుండా. అది మాత్రం చేసి చూపించి అప్పుడు వద్దంటాను. ఎవరికి చూపించాలనో అడిగితే చెప్పలేను.

మూడో భాగం. గేదె దాటింది. నలుగురం ఆగాం. కళ్ళు తెరిచి పట్టుకున్నాను, చలిగాలిలో తెరిచి ఉంచినట్టు మండాయి. అన్నయ్య ఊపిరి తీసుకున్నాడు.

ఎదురుగా కొత్తమ్మాయి. కమాను తీగ మీద ఉంది. మనిషి కదలడం లేదు. నా భుజం వైపు చూస్తోంది.

అలా నా వైపు చూడటం నేనెప్పుడూ చూడలేదు. ఇన్నేళ్ళూ నా రెప్పల అవతల, ప్రతి ఊళ్ళో, ప్రతి కచేరీలో అది జరుగుతూనే ఉంది, నాకు తెలియలేదు. తొందరపెట్టే చూపు కాదు. జాలి కాదు. నువ్వు వచ్చాకే వెళ్దాం అన్నట్టుంది, అంతే. ఇలా చూసేవారన్నమాట.

నేను కదలలేదు. కదలాలని తెలుసు. ఊపిరి ఎప్పుడో అయిపోయింది. హాల్లో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. అన్నయ్య మెడ నరం ఉబ్బడం కంటి చివర కనిపించింది. తను ఒక్కతే మొదలుపెట్టేయొచ్చు, కాగితంలో ఉన్నది అదే, ఎవరూ తప్పు పట్టరు. మొదలుపెట్టలేదు. నా భుజం మీద నుంచి చూపు తియ్యలేదు.

ఎంతసేపో తెలియదు. తర్వాత భుజం దానంతటది లేచింది. ఇద్దరం కలిసి వెళ్ళాం.

గ్రీన్ రూమ్‌లో తలుపు వేసీ వెయ్యకముందే అన్నయ్య ఆ పిల్ల మీద పడ్డాడు. "అదేం ఆగడం అమ్మాయ్? కాస్త ఆగమంటే కచేరీ మొత్తం నిలబెట్టేస్తావా? మర్చిపోయామనుకున్నారు జనం!"

"సారీ సార్" అంది తను. "నాదే."

అంతే అంది. నా వైపు చూడనైనా చూడలేదు. వయొలిన్ తుడుచుకుంటూ, ఏదో చిన్న సంగతిలాగా.

లోపల ఎక్కడో నొప్పి పుట్టింది. ఎక్కడో వెతకనక్కర్లేదు. పక్కటెముకల కింద, ఎడమవైపు, చాలా గట్టిగా. సెల్లో పెట్టె మీద కూర్చున్నాను. మాస్టారు ఎప్పుడూ దాని మీద ఎవర్నీ కూర్చోనివ్వరు. ఇవాళ కూర్చోనిచ్చారు.

"తనది కాదు అన్నయ్యా" అన్నాను.

"మరి?"

"తను ఆగింది. ఆలస్యం నాది."

"సరేలే, ఇవాళ్టికి..."

"ఇవాళ్టికి కాదు. ఎప్పుడూ నాదే. ఆయనా ఆగారు. ఆయన ఆలస్యం కాదు అన్నయ్యా, ఎప్పుడూ కాదు."

అన్నయ్యకు ఇది ప్లాట్‌ఫాం మీద చెప్పిందే. కానీ అప్పుడు ఎవరిదో సంగతిలా చెప్పాను. ఇప్పుడు నా సంగతిగానే చెప్పాను. ఏడుస్తున్నానని మాస్టారు రుమాలు ఇచ్చేదాకా నాకు తెలియలేదు. ఆయన పోయిన రోజు కూడా ఏడవలేదు నేను. రుమాలు ఇస్త్రీ చేసి ఉంది, మడత విప్పడానికి చేతులు రాలేదు.

అన్నయ్య మెల్లిగా అడిగాడు. "మరి రేపు ఈ అమ్మాయి సంగతి ఏం చెప్పమంటావే?"

"నేను ఇక్కడే ఉన్నాను సార్" అంది కొత్తమ్మాయి. "నన్నే అడిగితే పోదా?"

తన వైపు తిరిగాను. వద్దనడానికి తెచ్చుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

"ఉంటావా?" అన్నాను.

తను వెంటనే జవాబివ్వలేదు. నేను కళ్ళు తెరుచుకుని, తను చెప్పేదాకా ఆగాను.